చప్పిడి దీక్ష

చెంచులక్ష్మికి కళ్ళు తప్ప అన్నీ వచ్చేశాయి. చెవులకు పూసల కమ్మలు, భుజాన విల్లు, నడుముకు ఆకుల చీర, అన్నీ నల్లరాతిలోంచి ఒక్కొక్కటే తేలి నిలిచాయి. కళ్ళ చోట మాత్రం నిద్రపోయే పిల్ల రెప్పల్లా రెండు ఉబ్బులు వదిలిపెట్టారు. ఆళ్లగడ్డ శిల్పుల్లో ఏ షెడ్డు ఆచారం ఆ షెడ్డుది. బ్రహ్మయ్యాచారి షెడ్డులో కళ్ళు ఆఖరున తెరుస్తారు. తెరిచే మనిషి దానికి ముందు పక్షం రోజులు ఒంటిపూట తినాలి, ఉప్పు ముట్టకూడదు. దాన్ని చప్పిడి దీక్ష అంటారు. ఆచారి నాయన కాలం నుంచీ అదే నడుస్తోంది.

నునుపు పనికొచ్చే లక్ష్మీదేవి ఆ విగ్రహం పాదాల దగ్గర కూచుని గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచి రుద్దుతోంది. వేళ్ళ సందులు నునుపు చేయడం అన్నిటికంటే కష్టం. అరచేయి పట్టదు, చిటికెన వేలితో రుద్దాలి. ఆమె తలకు పైన, పలక మీద గొంతుక్కూచుని మొగుడు పెద్దన్న జుట్టు పాయలు సరిచేస్తున్నాడు. రాతిపొడి ఆమె కొప్పు మీద రాలుతోంది. రేకుల షెడ్డు, మే నెల ఎండ. ఫ్యానుంది కానీ దాని గాలి తగిలితే ఒళ్ళు ఇంకా కాలుతోంది.

పెద్దన్నది నల్లమల. అహోబిలం పైన చెంచుగూడెంలో పుట్టి, రాళ్ళు దించే పనికి ఈ షెడ్డులోకి వచ్చి, ఉలి పట్టి ఇక్కడే నిలిచిపోయాడు. ఈ ముఖం చెక్కింది అతనే. ఆచారి కళ్ళకు పొర వచ్చి సన్నగీత ఆనడం లేదు. ముఖం ఎవరు చెక్కితే కళ్ళు వాళ్ళే తెరవాలని ఆచారే తీర్మానించాడు. విగ్రహం చేయిస్తున్న గోస్పాడు రైతు రంగయ్యకు ఆ మాట అంతగా మింగుడు పడలేదు. చెంచులక్ష్మి కళ్ళను చెంచువాడు తెరిస్తే తప్పేముందని ఆచారి అడిగేసరికి తలూపాడు.

షెడ్డు గుమ్మానికి ఎదురుగా గంధపు దండ వేసిన పటం ఒకటుంది. ఆచారి నాయనది. వచ్చినవాళ్ళు ముందు దానికి దండం పెట్టి ఆ తర్వాతే బేరం మాట్లాడతారు. నలభై ఏళ్ళ కిందట ఒక ఎండాకాలం ఇదే దీక్షలో, ఇదే షెడ్డులో, ఆయన దేవుడి కళ్ళు తెరవబోతూ విగ్రహం పాదాల మీద పడి ప్రాణం విడిచాడు. దేవుడే ఒంటిమీదికి వచ్చి తనతో పిలుచుకుపోయాడని ఊరు ఊరంతా చెప్పుకుంది. రంగయ్య ఊళ్ళో ఇన్ని షెడ్లుండగా ఈ షెడ్డునే వెతుక్కుంటూ వచ్చింది ఆ కథ వినే.

దీక్ష కూడు ఆచారి భార్య రామసుబ్బమ్మ వండుతుంది. చప్పిడి అన్నం, చప్పిడి పప్పు, బెల్లం కలిపిన నిమ్మకాయ నీళ్ళు. పెద్దరికానికి ఆచారి కూడా ఆ దీక్షే పట్టాడు కానీ ఆయన ఇంట్లో కూలర్ ముందు పడుకుంటాడు. ఎండలో రాతి ముందర ఉన్నది పెద్దన్న. కాబట్టి నీళ్ళ సంగతి లక్ష్మీదేవి చూసుకుంది. ఉదయమే ప్లాస్టిక్ బిందె నింపి తడిగుడ్డ చుట్టి పలక కింద పెడుతుంది. అతను ఉలి దించిన ప్రతిసారీ చెంబు అందిస్తుంది. తాగనంటే ఊరుకోదు.

దీక్ష మొదట్లో అతని నల్ల బనీను వీపు మీద చెమట ఆరి తెల్లటి చారలు కట్టేవి. సాయంత్రం ఆమె బండకేసి రుద్దితే గానీ పోయేవి కావు. రోజులు గడిచేకొద్దీ ఆ చారలు పలచబడి, ఆనక కట్టడమే మానేశాయి. బనీను నల్లగా, శుభ్రంగా ఉండేది. దీక్షకు ఒళ్ళు శుద్ధి అవుతోందని ఆమె రామసుబ్బమ్మతో చెప్పి మురిసింది. రామసుబ్బమ్మ కూడా పటం వైపు తిరిగి చేతులు జోడించింది.

*

ముందు పిక్కలు పట్టుకున్నాయి. పలక మీంచి దిగుతూ పెద్దన్న కాలు చాపుకుని నేల మీద కూలబడ్డాడు. కండ రాయిలా బిగిసి బయటికే కనిపిస్తోంది. లక్ష్మీదేవి రెండు చేతులా పిసికింది. ఆ మర్నాడు తలనొప్పి అన్నాడు, చప్పిడి అన్నం చూస్తేనే కడుపులో తిప్పుతోందన్నాడు. దీక్ష వదిలేద్దామా అని ఆమె అడగలేదు. అడిగినా అతను వదిలేవాడు కాదు. ఇరవై ఏళ్ళుగా దేవుళ్ళ చేతులు, కాళ్ళు, కిరీటాలు చెక్కిన మనిషికి మొదటిసారి కళ్ళిచ్చారు. ఎండ దెబ్బ తగిలిందేమోనని ఆమె ఇంకో చెంబు ఎక్కువ తాగించింది. తన తెలివికి తనే సంతోషపడింది కూడా.

రంగయ్య చూడ్డానికి వచ్చిన రోజు పెద్దన్న ఉదయం నుంచే తేడాగా ఉన్నాడు. ఉలి అడిగి, చేతికిస్తే ఇదేందని చూశాడు. లక్ష్మీదేవిని తన తల్లి పేరుతో పిలిచాడు. నవ్వులాటకేమో అనుకుని ఆమె నవ్వింది. రంగయ్య, ఆయన భార్య కమలాక్షమ్మ, ఊరి పెద్దలు ఇంకో ఇద్దరు కారు దిగి పటానికి దండం పెట్టి లోపలికి వచ్చేసరికి అతను పలక మీద నిలబడి ఉన్నాడు. దిగమని ఆచారి చెప్పాడు. దిగబోయి తూలాడు. రాతిని పట్టుకోబోయిన చేయి గాల్లో తడుముకుంది. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు, మాటలు నాలుకకు చుట్టుకుని ముద్దముద్దగా వచ్చాయి. తర్వాత విగ్రహం పీఠం పక్కనే వాంతి చేసుకున్నాడు.

కమలాక్షమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రంగయ్య పెద్దగా అరవలేదు. అరిస్తే బాగుండేదని లక్ష్మీదేవి తర్వాత అనుకుంది.

"దేవత ముందర తాగొచ్చినాడు," అన్నాడాయన. "చెంచోనికి దీక్ష యాడ నిలుస్తాది ఆచారీ."

మనిషి తూలితే తాగాడనుకోవడం సులువు. చెంచు మనిషి తూలితే ఇంకా సులువు. ఎవరూ అతని దగ్గరికి వెళ్ళలేదు, ఎవరూ వాసన చూడలేదు. ఆచారి మాత్రం వచ్చాడు. వచ్చి, పెద్దన్న పిడికిట్లో ఉన్న ఉలిని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకున్నాడు. పసిపిల్లవాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు తీసుకుని, మొగం తిప్పుకుని, ఇంటికి పిలుచుకుపొమ్మని లక్ష్మీదేవికి చెప్పాడు.

"తాగలేదప్పా. నా కండ్ల ముందరే ఉండాడు పొద్దున్నుంచీ," అని ఆమె అంది.

"పో మ్మే. పెద్దమనుషులు ఉండారు," అన్నాడు ఆచారి.

షెడ్డులో పదిమంది పనివాళ్ళున్నారు. పొద్దున అతని పక్కనే కూచుని పళ్ళు తోముకున్నవాళ్ళున్నారు. ఒక్కడూ నోరెత్తలేదు. అతని చేతిని తన భుజం మీద వేసుకుని నడిపిస్తూ, గుమ్మం దాటాక, ఎవరూ చూడని చోట ఆమె ఆగింది. పెళ్ళిళ్ళకూ జాతర్లకూ ఒకప్పుడు తాగిన మనిషే, ఆమె కాదనదు. అతని మొగాన్ని దగ్గరికి తీసుకుని నోటి వాసన చూసింది. వాంతి వాసన తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది. వాళ్ళు అనుమానించారు సరే, తను ఎందుకు చూసింది?

*

వాళ్ళది షెడ్డు వెనక సందులో ఒక గది. చాప మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, తల ఎత్తిపట్టి నీళ్ళు తాగించింది. కక్కితే మళ్ళీ తాగించింది. ఒంట్లో వేడి పోవాలంటే నీళ్ళే మందని ఆమెకు తెలిసిన వైద్యం. చెంబు మూడోసారి నోటికి పెట్టినప్పుడు అతని పళ్ళు దాని అంచుకు కరుచుకున్నాయి. కళ్ళు పైకి తేలాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. చెంబు దొర్లిపోయి నీళ్ళు చాప కిందికి పారాయి.

ఆమె కేకకు పక్కింటి రూబెన్ ఆటో తీసుకుని వచ్చాడు. ఆళ్లగడ్డ ఆస్పత్రిలో సూది వేసి, సెలైన్ పెట్టి, ఆలస్యం చేయకుండా అంబులెన్సులో నంద్యాలకు పంపించారు. దారి పొడవునా లక్ష్మీదేవి అతని పాదాలు పట్టుకుని కూచుంది. పొద్దున చెంచులక్ష్మి పాదాలు రుద్దిన చేతులే. దేవతను ఏమీ అడగలేదు. అడగాలనిపించలేదు.

నంద్యాల ఆస్పత్రిలో సంధ్య అనే డాక్టరు చూసింది. చిన్న వయసు, కానీ తొందరపడే మనిషి కాదు. జబ్బులున్నాయా, ఏ మందులు వాడతాడు, తాగుతాడా అని వరసగా అడిగింది. ఆ చివరి మాటకు లక్ష్మీదేవి విసురుగా లేచింది. మీరూ అదే మాట అంటారా, నోరు వాసన చూసుకోండి అంది. అందరినీ అడుగుతానమ్మా, కోపం చేసుకోవద్దు అని డాక్టరు చెప్పి, రక్తం తీయించి, ఇంకో మాట అడిగింది. ఈ మధ్య ఏం తింటున్నాడని.

ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. లక్ష్మీదేవి చప్పిడి దీక్ష సంగతి చెప్పింది. ఎండ సంగతి, బిందె సంగతి, పిక్కల సంగతి చెప్పింది. డాక్టరు రాసుకుంటున్న కలం ఆపి ఆమె వైపు చూసింది. తర్వాత నర్సును పిలిచి, మంచం పక్కనున్న నీళ్ళ సీసా తీసేయమంది. తను చెప్పేదాకా ఎవరూ నీళ్ళు తాగించకూడదంది.

లక్ష్మీదేవికి అర్థం కాలేదు. మొగుడి పెదవులు ఎండి పొరలు లేస్తున్నాయి. గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వొద్దంటే ఆమెకు డాక్టరు మీద కసి పుట్టింది. రక్తం రిపోర్టు వచ్చాక ఇనుప స్టాండుకు చిన్న సీసా ఒకటి తగిలించారు. అందులోంచి చుక్క చుక్కే దిగుతోంది. తొందరగా ఎక్కించమని బతిమాలింది. అందులో ఉన్నది ఘాటైన ఉప్పునీళ్ళనీ, గబగబా ఎక్కిస్తే అదీ మెదడుకు ప్రమాదమేననీ నర్సు చెప్పింది. ఆ చుక్కలు చూస్తూ ఆమె ఆ సాయంత్రం గడిపింది.

తీరిక దొరికాక సంధ్య రిపోర్టు పట్టుకుని వచ్చి ఆమె పక్కన బల్ల మీద కూచుంది.

"మన ఒంట్లో ఉండేది ఉత్త నీళ్ళు కాదమ్మా, ఉప్పునీళ్ళు. రెండూ సమంగా ఉంటేనే మనిషి మనిషిగా ఉంటాడు," అంది. "ఈయన ఉప్పంతా చెమటలో పోయింది. కూటిలో తిరిగి రాలేదు. వచ్చినవి నీళ్ళు మాత్రమే."

మిగిలింది నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఉప్పు తగ్గుతోందని ఒంటికి తెలుస్తుందట. మూత్రపిండాలు ఉన్న ఉప్పును బిగబట్టుకుంటాయట, చెమటలో కూడా ఉప్పు పోకుండా చర్మం ఆపుకుంటుందట. లక్ష్మీదేవికి నల్ల బనీను కళ్ళ ముందు కదిలింది. శుద్ధి కాదన్నమాట అది. ఉన్న కాస్తనూ దాచుకోవాలని ఆ ఒళ్ళు పడిన పాటు. మరోపక్క దాహానికి తట్టుకోలేక అదే ఒళ్ళు నీళ్ళను కూడా బయటికి వదలదట. పైనుంచి తాగిన కొద్దీ రక్తం పలచబడి, ఆ నీళ్ళు కండల్లోకీ మెదడులోకీ దిగుతాయట. కండకైతే ఉబ్బడానికి చోటుంటుంది. మెదడు చుట్టూ ఎముక. మూత బిగించిన డబ్బాలో శెనగలు నానినట్టు అవుతుందని చెప్పింది. మాట తడబడినా, తూలినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా అందుకే.

"అంటే నేను తాపిన నీళ్ళేనా?" అని అడిగింది లక్ష్మీదేవి.

డాక్టరు కాదని అబద్ధం చెప్పలేదు. నీళ్ళతో చిటికెడు ఉప్పు కూడా పోయి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదంది. నీకు తెలియక చేసింది, మనిషి బతుకుతాడు, అది చూసుకో అంది. లక్ష్మీదేవి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కన్నీళ్ళు పెదవుల మీదికి కారి ఉప్పగా తగిలాయి. ఇంత ఉప్పు తన దగ్గర ఊరికే కారిపోతోందే అని ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది.

*

మర్నాడు మధ్యాహ్నానికి పెద్దన్న కళ్ళు తెరిచి ఆమెను ఆమె పేరుతోనే పిలిచాడు. ఉలి ఎక్కడుందని అడిగాడు. ఆచారప్ప దగ్గర భద్రంగా ఉందని చెప్పింది. ఎలా తీసుకున్నాడో చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఆచారి వచ్చాడు. రామసుబ్బమ్మ పంపిన క్యారియర్ చేతిలో ఉంది. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు కానీ పెద్దన్న మొగం చూడలేకపోయాడు. రౌండ్లకు వచ్చిన సంధ్యను ఆపి, వీడు తాగినాడా లేదా, ఒక్క మాట చెప్పు తల్లీ అని అడిగాడు. ఒక్క చుక్క కూడా లేదనీ, ఉప్పు లేకనే ఇదంతా అనీ ఆమె చెప్పింది. అంతటితో వెళ్ళిపోతాడనుకుంది లక్ష్మీదేవి. ఆయన వెళ్ళలేదు. ముదురెండలో ఉప్పు మానేస్తే ఎవరికైనా ఇలాగే అవుతుందా అని అడిగాడు. పిక్కలు పడతాయా అని అడిగాడు. చేతిలో పనిముట్టు వణుకుతుందా, మాటలు మారిపోతాయా, కన్నబిడ్డను కూడా గుర్తుపట్టరా అని ఒకటొకటే అడిగాడు. డాక్టరు ప్రతిదానికీ అవునంది.

"ప్రాణం కూడా పోతాదా?"

"పోతుంది పెద్దాయనా. టైముకు రాకపోతే పోతుంది."

ఆచారి గోడ పక్క బల్ల మీద కూచుని తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి లేచి, దుడ్లు ఏమన్నా కావాల్నా మ్మే అని అడిగాడు. లక్ష్మీదేవికి ఒళ్ళు మండింది.

"దుడ్లు వద్దప్పా. మా ఆయన తాగలేదని ఒక్క మాట చాలు," అంది. "ఈడ నా ముందర కాదు. ఆ మాట యాడ అన్నారో ఆడ, వాళ్ళందరి ముందర."

ఆచారి క్యారియర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పెద్దమనుషులు పెద్దమనుషులే, పోనీలే అనుకుంది. కానీ పోనివ్వలేకపోయింది. మొగుడు లేచి కూచున్నాడు, ఉప్పు వేసిన గంజి తాగాడు, గోడ పట్టుకుని నడిచాడు. ప్రాణం దక్కింది. రేపు ఆళ్లగడ్డలో ఆటో దిగితే అతను దీక్షలో తాగి పడిపోయిన పెద్దన్నే. ఇక ఏ షెడ్డులోనూ అతని చేతికి ఏ దేవుడి మొగమూ ఇవ్వరు. రాళ్ళు దించడానికి వచ్చినవాడు మళ్ళీ రాళ్ళు దించుకోవాల్సిందే. ఆ దక్కిన ప్రాణంతో అతను అది ఎలా మోస్తాడు?

*

కళ్ళు తెరిచే రోజు పొద్దున్నే రూబెన్ చేత ఆచారి కబురు పంపాడు, ఇద్దరినీ షెడ్డుకు రమ్మని. పెద్దన్న ముందు రోజే ఇల్లు చేరాడు. ఎండలోకి పోవద్దనీ, ఉప్పు మానొద్దనీ డాక్టరు మరీమరీ చెప్పి పంపింది. మొగుడికి బదులు కళ్ళు తెరిచేవాళ్ళను చూడ్డానికి ఎందుకు పిలిచారని లక్ష్మీదేవి గొణిగింది. పెద్దన్న ఉతికిన నల్ల బనీను తొడుక్కున్నాడు. పోకపోతే తాగినట్టు ఒప్పుకున్నట్టే అన్నాడు.

షెడ్డుకు మామిడాకులు కట్టారు. రంగయ్య, కమలాక్షమ్మ, గోస్పాడు వైపు జనం చాపల మీద కూచుని ఉన్నారు. పెద్దన్న లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. రంగయ్య కండువా సర్దుకుని ఆచారి వైపు చూశాడు.

ఆచారి రామసుబ్బమ్మను మజ్జిగ తెమ్మన్నాడు. ఆమె చెంబు తెచ్చింది. ఉప్పు డబ్బా కూడా తెమ్మన్నాడు. ఆమె కదల్లేదు. దీక్ష ముగియలేదు కదా, ఆయన మతి తప్పాడేమోనన్నట్టు చూసింది. ఆయన రెండోసారి చెప్పాక వెళ్ళి తెచ్చింది.

"నువ్వు వెయ్యి మ్మే," అని డబ్బా లక్ష్మీదేవి చేతికిచ్చాడు.

ఆమె చిటికెడు వేసింది. చాలదన్నాడు. ఇంకాస్త వేసి కలిపింది. ఆచారి ఆ చెంబెత్తి అందరూ చూస్తుండగా సగం తాగాడు. మిగిలింది పెద్దన్నకు అందించాడు.

"ఏంది ఆచారీ ఇది?" రంగయ్య లేచి నిలబడ్డాడు. "ఉప్పు తిన్న చేత్తో కండ్లు తెరుస్తారా? మీ నాయన పేరు చూసి గదా మేము ఈడికి వచ్చింది."

ఆచారి పటం దగ్గరికి వెళ్ళి దాని కింద నిలబడ్డాడు.

"మా నాయనకు ఇట్లనే పిక్కలు పట్టినాయి," అన్నాడు. "ఇట్లనే మాట మారింది. నన్ను పట్టుకోని ఎవురు రా నువ్వు అన్న్యాడు. దేవుడొచ్చినాడని మేము కాళ్ళకు మొక్కినాం. నీళ్ళు తాపినాం, నేనే తాపినా. ఉప్పు తాపింటే బతికేటోడు రంగయ్యా. దేవుడు కాదు పిలుచుకోని పోయింది."

రామసుబ్బమ్మ ఏడుస్తోంది. ఆమె చప్పిడి కూడు వండి పెట్టిన దీక్షలు ఒకటా రెండా.

"అదే జబ్బు ఈనికొచ్చింది. మా నాయనకొస్తే దేవుడంటిమి. పెద్దన్నకొస్తే తాగినాడంటిమి. వాడు తాగలేదు. ఇదే చోట అన్న్యాం కాబట్టి ఇదే చోట చెప్తాండా. ఈ షెడ్డులో ఇంక చప్పిడి దీక్ష లేదు. విగ్రహం ఇష్టమైతే తీస్కపో, లేదంటే ఇడిసిపో."

నలభై ఏళ్ళుగా ఆ షెడ్డుకు అన్నం పెట్టిన కథ అది. దాన్ని ఆయన తన నోటితోనే తీసి కింద పెట్టాడు. లక్ష్మీదేవికి ఆయన మీదున్న కోపం పూర్తిగా పోలేదు. పదిమంది ముందు పోగొట్టిన పేరు తిరిగొచ్చింది, కానీ ఆ రోజు మొగుడి నోరు వాసన చూసిన ముక్కు తనదే, అది ఎవరు తిరిగి తీసుకుంటారు? అయినా ఆమె కళ్ళు ఆగలేదు.

ఆచారి నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పాడు. అందులో ఉలి ఉంది. రెండు చేతులా పట్టుకుని పెద్దన్న ముందు చాపాడు. పెద్దన్న తీసుకోకుండా రంగయ్య వైపు చూశాడు. రంగయ్య తల దించుకుని ఉన్నాడు. కమలాక్షమ్మ మొగుడి కండువా పట్టి లాగి కూచోబెట్టింది. తర్వాత లక్ష్మీదేవి వైపు తిరిగి, పైన ఉక్కగా ఉంటాది, ఇంకో చెంబు కలుపుకోని పెట్టుకో అంది.

పెద్దన్న పలక ఎక్కాడు. నీరసం తీరలేదు, ఒక చేయి రాతి భుజం మీద ఆనించుకున్నాడు. ఉలి దెబ్బ సన్నగా, గోటితో గీరినంత చప్పుడుతో మొదలైంది. ఎడమ రెప్ప విడింది. రాతిపొడిని అతను నోటితో ఊది, వేలితో తడిమి చూసి, మళ్ళీ ఉలి ఆనించాడు. షెడ్డులో ఆ చప్పుడొక్కటే ఉంది. ఆచారి పొరలు కమ్మిన కళ్ళు చికిలించి పైకి చూస్తున్నాడు. ఆయనకు ఏమీ ఆనడం లేదు.

"తెరుచుకున్న్యాయా మ్మే?" అని లక్ష్మీదేవిని మెల్లగా అడిగాడు.

ఒకటి తెరుచుకుంది అప్పా, రెండోది తెరుస్తాండాడు అని ఆమె చెప్పింది. చెప్పి, మజ్జిగ చెంబు పట్టుకుని పలక కింద నిలబడింది. పెద్దన్న నల్ల బనీను వీపు మీద చెమట ఆరుతోంది. తడి ఆరిన అంచున సన్నగా, వంకరటింకరగా తెల్ల చార ఒకటి కడుతోంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.